డోలు వెనక దుప్పటి

తమలె ఊళ్లో పొద్దు గూకేటప్పటి మగ్రిబ్ నమాజు అయిపోయింది, రాత్రి ఇషా నమాజు ఇంకా కాలేదు, ఆ రెండింటి మధ్య మిగిలిన కాస్త వెలుతురులో సుహుయిని కచేరీ మైదానం చివర బల్ల వెనక కూర్చుని ల్యాప్‌టాప్‌ని చూస్తోంది, ల్యాప్‌టాప్ ఆమెని చూస్తోంది, ఇద్దరికీ ఏమీ పాలుపోవడం లేదు. ఇషా అయ్యాక జనం వస్తారు, జనం రాగానే దోకుర్గు మామయ్య డోలు చంకలో పెట్టుకుని మైదానం మధ్యకి నడుస్తాడు, అతని వెనక పాత పత్తి గోదాము గోడకి ఆ చివరి నుంచి ఈ చివరికి కట్టిన తెల్లటి తెర మీద, అతని డోలు ఏమంటే అది బొమ్మై కదలాలి. కదలకపోతే ఏమవుతుందో మామయ్య దాపరికం లేకుండా చెప్పాడు. "నేనొకటంటే నా వెనక నీ దుప్పటి ఇంకోటి అన్నదనుకో, డోలు సంచిలో పెట్టేసి ఇంటికెళ్లి సాగిం ముద్ద తిని పడుకుంటా. జనానికి నువ్వే చెప్పుకో పిల్లా." తెరని దుప్పటి అంటాడు. ఆమె నాలుగేళ్ల చదువుని, ఆ తర్వాతి ఉద్యోగాన్ని, రాజధాని అక్రాలో పెద్ద పెద్ద పాటగాళ్ల వెనక ఆమె వెలిగించిన గోడలన్నిటినీ కలిపి దుప్పటి అంటాడు. పెద్దవాళ్లని ఏదైనా అడగాలంటే కోలా కాయలు పట్టుకెళ్లాలి కాబట్టి పట్టుకెళ్లింది, అతను ఒక కాయ కొరికి చాలాసేపు నమిలి ఒప్పుకున్నట్టూ ఒప్పుకోనట్టూ తల ఆడించాడు, ఆ తల ఆడింపుని నమ్ముకుని ఆమె ఇంత దూరం సామాను మోసుకొచ్చింది.

మధ్యాహ్నం మామయ్య వాయించినప్పటినుంచీ తెర మీద అన్నీ తెల్ల దారాలే. అదే వచ్చిన చిక్కు. డోలుకి తగిలించిన చిన్న మైకులోంచి శబ్దం వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో ఒక పెట్టె దాన్ని వింటుంది, తీగ అవతల ఇంకో పెట్టె అది ఎంత పై గొంతో కొలుస్తుంది, మరో పెట్టె పై గొంతుకి తెల్ల దారం, కింది గొంతుకి నీలం దారం అందిస్తుంది, దారాలన్నీ కలిసి తెర మీద ఫూగు చొక్కా గుడ్డలాగా చారలు చారలుగా నేసుకుంటూ పోతాయి, ఎవరైనా మైదానంలోకి వచ్చి గిర్రున తిరిగితే పైన కట్టిన కెమెరా చూసి ఆ గుడ్డని గొడుగులా విప్పుతుంది. పెట్టెలు, తీగలు, పెట్టెలు, తీగలు, వాటిని చూసి ఒకసారి అమ్మ అడిగింది, ఇదేం కుట్టు పనే, కుట్టు పనైతే నాకూ నేర్పు అని. కొలతలన్నీ వానాకాలంలో తీసుకుంది సుహుయిని, పెదనాన్న కూతురు చిన్నక్క కొడుక్కి పేరు పెట్టినరోజు మామయ్య డోలు వాయిస్తుంటే ఫోన్‌లో పట్టుకుని వెళ్లి, ఆ గొంతుకి సరిగ్గా సరిపోయేలా పెట్టెలన్నీ బిగించుకుంది. ఇప్పుడు వాన లేదు. ఎడారి మీంచి హర్మటాన్ గాలి దిగింది, పెదవులు పగిలిపోతున్నాయి, ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము తేలుతోంది, డోలు మీది తోలు ఎండి బిగుసుకుపోయి గొంతు మొత్తంగా పైకెక్కి కూర్చుంది. పెట్టెకి ఆ సంగతి తెలియదు కదా, ప్రతి దెబ్బా పై గొంతే అంటోంది, తెర నిండా తెల్ల దారాలు పరుస్తోంది. నిజంగానే దుప్పటిలా ఉంది. ఈ తమలె చుట్టుపక్కలే పుట్టి పెరిగి, పదిహేను హర్మటాన్‌లకి పెదవులకి షియా వెన్న రాసుకున్న తను తోలు ఎండుతుందన్న ముక్క ఎలా మర్చిపోయిందో, తలుచుకుంటే తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇంకో రెండు నిమిషాలు మామయ్య వాయిస్తే కొలతలు సరిచేసుకునేది. వాయించడు. ఆ పాపం సౌండు చూసే ఏబోది, పాపం ఏబోది కూడా కాదు, అతను సముద్రం ఒడ్డువాడు, చంకలో బిగించి గొంతు ఎక్కిస్తూ దించుతూ మాటలే పలికించే చంకడోలు సంగతి అతనికేం తెలుసు. మధ్యాహ్నం మైకులు పెట్టి నవ్వుతూ అన్నాడు, "పెద్దాయనా, టెస్టింగు, ఏదో ఒకటి కొట్టండి." మామయ్య కళ్లు చిట్లించి చూశాడు. "ఏదో ఒకటా? ఎవరినని?" "ఎవర్నీ అనక్కర్లేదు పెద్దాయనా, ఊరికే కొట్టండి." "ఊరికే నువ్వు మాట్లాడతావేమో గానీ బాబూ, మా ఇంట్లో ఎవరూ ఊరికే మాట్లాడరు." అని, మైదానం అంతా కలియజూశాడు, ఖాళీ కుర్చీలు, వైర్లు, ఒక మేక, రోడ్డుకి అవతల నిప్పుల మీద పుల్లలకి గుచ్చిన మాంసం కాలుస్తున్న మహమా. మహమాది కసాయి వాళ్ల ఇల్లు. మామయ్య చంక బిగించి కసాయి వాళ్ల పెద్దల పేర్లు ఎత్తుకున్నాడు. పాపం మహమా ఏం చేస్తాడు, డోలు తన తాతల పేరు పెట్టి పిలిచాక వచ్చి ఆడకపోతే ఆ తాతలకి అవమానం, ఒక చేతిలో విసనకర్ర, ఇంకో చేతిలో మాంసం పుల్లలు అలాగే పట్టుకుని రోడ్డు దాటి వచ్చి, మోటారు సైకిళ్లన్నీ ఆగి హారన్లు కొడుతుంటే, ఖాళీ మైదానంలో వాళ్ల వంశపు ఆట మొదటినుంచి చివరిదాకా ఆడాడు. పిలిచిన మనిషిని సగంలో వదలకూడదు, కాబట్టి మామయ్యా ఆపలేదు. ఆట అయ్యేసరికి అవతల మాంసం బొగ్గయింది. ఏబో నోరు వెళ్లబెట్టి, "అక్కా, ఇది సౌండ్ చెక్కా, పెళ్లా?" అన్నాడు. మహమా చెమట తుడుచుకుంటూ, "నా మాంసం పోతే పోయింది, మా తాతని పలకరించావు, చాలు," అన్నాడు. మామయ్య మాత్రం డోలు సంచిలో పెట్టేసి తాడు ముడేశాడు. ఖాళీ మైదానంలో ఇక ఎవరి పేరూ తియ్యను, నీ దుప్పటి నేర్చుకోవాలంటే జనంతోపాటు నేర్చుకోమను, అన్నాడు. ఆ సందడిలో డోలుని ఫోన్‌లో పట్టుకోవడం కూడా మర్చిపోయింది, ఆమెకి అప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు ఏడుపొస్తోంది.

మామయ్య మీద కోపం తెచ్చుకుందామన్నా కోపం నిలబడటం లేదు, అతని వెనక ఇంకేదో నిలబడి ఉంది. డోలు వాయించే ఇంటి ఆడపిల్ల ఏ ఇంటికి కోడలుగా వెళ్లినా తన బిడ్డల్లో ఒకరిని తిరిగి డోలుకి ఇవ్వాలి. అమ్మ పక్క ఊరు సవేలుగులో రైతు ఇంటికి వెళ్లింది, అమ్మకి పుట్టింది సుహుయిని ఒక్కతే. చిన్నప్పుడు మాటిమాటికీ జ్వరం వచ్చేది, అమ్మమ్మ నుదురు ముట్టుకుని, డోలు తన మనిషిని అడుగుతోందే, ఇంకేం లేదు, అనేది. చివరికి తీసుకెళ్లి మామయ్య ముందు కూర్చోబెట్టారు. అతను ఒక బుల్లి డోలు తెచ్చి ఆమె చంకలో పెట్టాడు, ఆ తోలు వాసన, తాళ్లు చర్మాన్ని ఒరుసుకున్న మంట, ఒక్క దెబ్బ కొట్టింది, రెండో దెబ్బ కొట్టింది, మామయ్య మొహంలో ఏదో వెలిగింది, వెలిగినంతలోనే ఆరిపోయింది. ఆడపిల్ల కదా, అని అమ్మతో అన్నాడు, ఆమెతో కాదు, డోలు మెల్లిగా చంకలోంచి తీసుకున్నాడు. జ్వరం తగ్గిపోయింది గానీ చంకలో ఆ ఖాళీ తగ్గలేదు. మీ ఇంటి నుంచి మాకు ఒక చెయ్యి రావాలి, అని ప్రతి పెళ్లిలోనూ ప్రతి చావులోనూ మామయ్య అమ్మని దెప్పేవాడు, అమ్మ నవ్వేసి మాట మార్చేది. ఇవాళ అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది, కొత్త ముసుగు కప్పుకుని, ఊళ్లో ఆడవాళ్లందరినీ వెంటేసుకుని. తెల్ల దుప్పటిని చూడటానికి.

అమ్మ డోలు ముట్టుకోలేదు, ఆమెని ఎవరూ ముట్టుకోనివ్వలేదు, కానీ పసిబిడ్డ వీపు తట్టొద్దని ఎవరూ అనలేదు కదా. సుహుయిని వీపు మీద అమ్మ చెయ్యి, గట్టిగా, మెల్లిగా, గట్టిగా గట్టిగా మెల్లిగా, దానితోపాటు చెవి దగ్గర సన్నగా గొంతు, దేవుడా నీ సెలవు, పెద్దలారా మీ సెలవు, నేను చిన్నవాణ్ణి, మాట్లాడమంటారా, డోలు ఏ ఇంట్లో పలికినా మొదట పలికే మాటలు అవి, ఆమె పాలతోపాటు తాగింది, వాటిని వింటూ నిద్రపోయింది, నిద్రపోయే పిల్లకి ఎవరు ఏం నేర్పుతున్నారో అమ్మకి తెలుసా తెలియదా. ఆ సెలవడిగే మాటలకి ఎవరూ లేచి ఆడనక్కర్లేదు, అందులో ఎవరి తాతా లేడు. ఒక హర్మటాన్‌లో, దుమ్ముకి జలుబు చేసి అమ్మ గొంతు పూర్తిగా పోయింది, కప్ప అరిచినట్టు అరిచేది, ఇంటి వెనక నుంచి సుహుయినీ అని పిలిస్తే పక్కింటి పిల్లలు పడీ పడీ నవ్వారు, సుహుయిని మాత్రం నవ్వకుండా పరుగెత్తింది, ఎందుకంటే గొంతు మారింది గానీ పిలుపు మారలేదు, సు దగ్గర ఎక్కడ ఉందో యి దగ్గర దానికంటే కిందికి దిగింది, ని దగ్గర...

సుహుయిని కుర్చీలో నిటారుగా కూర్చుంది.

గొంతు మారింది గానీ పిలుపు మారలేదు. ఎండలో బిగిసినా వానలో వదులైనా డోలు తన మాట తను చెబుతూనే ఉంది, ఊళ్లో ఒక్కరైనా ఇవాళ డోలు అర్థం కాలేదన్నారా, మహమా అర్థం కాలేదన్నాడా, మాంసం వదిలేసి వచ్చాడు. అర్థం కానిది ఈ పెట్టెకి ఒక్కదానికే, ఎందుకంటే తను దాన్ని తప్పు ప్రశ్న అడగమంది, ఈ దెబ్బ ఎంత ఎత్తు అని అడగమంది. అలా మనుషులెవరూ వినరు. ముందరి దెబ్బ మీద ఎక్కిందా, దిగిందా, అక్కడే ఉందా, అంతే. ఆమె వేళ్లు అప్పటికే తీగలు పీకేస్తున్నాయి, కొలిచే పెట్టెని తీసి పక్కన పారేసింది, దాని చోట ముందరి దెబ్బని గుర్తుపెట్టుకునే పెట్టె ఒకటి, రెంటినీ పోల్చే పెట్టె ఒకటి, ఎక్కితే తెలుపు, దిగితే నీలం, అక్కడే ఉంటే ముందు ఏ రంగైతే అదే. మసీదులోంచి ఇషాకి పిలుపు మొదలైంది. పెట్టెలు కలిపింది, ఇప్పుడు దీనికి వినిపించడానికి ఏదైనా కావాలి, డోలు సంచిలో ఉంది, సంచి ముడి మామయ్య చేతిలో ఉంది. ఎవరినీ పిలవని మాట కావాలి, ఊరికే అనగలిగిన మాట కాదు, అయినా ఎవరినీ లేపని మాట. పిలుపు పూర్తయ్యేదాకా ఆగి, బల్ల మీది మైకుని నోటి దగ్గరికి లాక్కుని, తన గొంతుతోనే, అమ్మ తన వీపు మీద తట్టినట్టు ఎడమచేత్తో తొడ మీద తట్టుకుంటూ అన్నది, దేవుడా నీ సెలవు. పెద్దలారా మీ సెలవు. తెల్ల దారాల మధ్య ఒక నీలం దారం పడింది. దాని పక్కన తెలుపు, నీలం, నీలం, తెలుపు.

"అక్కా, ఎవరితో మాట్లాడుతున్నావు?" ఏబో వైరు చుట్టుకుంటూ వచ్చాడు.

"దుప్పటితో."

"ఏమంటోంది?"

"సెలవడుగుతోంది," అన్నది, అని తనే నవ్వింది, మధ్యాహ్నం తర్వాత మొదటిసారి. గొంతు కావాలని బొంగురు చేసి అన్నది, కప్పలా అన్నది, పైకెత్తి పిల్లలా అన్నది, గుడ్డ మీద అదే చార పడింది, ప్రతిసారీ అదే చార. ఏబో ఒకసారి తెరని, ఒకసారి ఆమెని చూసి, "పెళ్లే అక్కా ఇది, నేను ముందే అన్నాను," అని మైకుల దగ్గరికి పరుగెత్తాడు.

జనం వచ్చారు. ఎంత మంది వస్తారనుకుందో అంతకి మించి, ఇంటి నుంచే బెంచీలు మోసుకుని, పిల్లలు గోదాము కిటికీల్లోకి ఎక్కి, ఆడవాళ్లు ముందు వరస ఆక్రమించుకుని, వాళ్ల మధ్యలో అమ్మ. మహమా మళ్లీ రోడ్డుకి అవతలే ఉన్నాడు, ఈసారి నిప్పుల దగ్గర తమ్ముణ్ణి కాపలా పెట్టుకున్నాడు. సుహుయిని పెట్టెల మధ్య తీగలన్నీ మరోసారి చూసుకుంటోంది, తన గొంతుకి పలికిన పెట్టె అతని తోలుకి పలుకుతుందా, మైకులో మామయ్య వెంట వాయించే పెద్ద డోళ్ల చప్పుడు కలిసిపోతే, తీగ ఒకటి తప్పు చోట పెట్టి ఉంటే, దుమ్ముకి ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతే, అమ్మ ముసుగు మొహం మీదికి లాక్కుంటుంది, మామయ్య సంచి ముడేస్తాడు, ఇక ఏ పెళ్లిలో ఏమని దెప్పుతాడో. మామయ్య వచ్చాడు. తెర వైపు చూడలేదు. కావాలనే చూడలేదు, మెడ పట్టేసినవాడిలా దానికి వీపు తిప్పి నిలబడ్డాడు, చంక బిగించాడు, డోలు కొట్టే వంకర పుల్ల పైకెత్తాడు.

దేవుడా నీ సెలవు.

నీలం. తెలుపు. నీలం నీలం తెలుపు. తను కప్పలా అన్న చారే, పిల్లలా అన్న చారే, అమ్మ చెయ్యి వీపు మీద వేసిన చారే, గోదాము గోడంత వెడల్పున, ఆ చివరినుంచి ఈ చివరికి. పెద్దలారా మీ సెలవు. రెండో చార దాని పక్కన అతుక్కుంది, మూడోది, నాలుగోది, గుడ్డ పెరుగుతోంది, కిటికీల్లో పిల్లలు కేకలు పెడుతున్నారు, ముందు వరసలో ఒక ముసలమ్మ తెర వైపు వేలు చూపించి డోలుతోపాటు పెదవులు కదుపుతోంది, ఆవిడ చదువుతోంది, నిజంగా చదువుతోంది, బడి మొహం చూడని ఆవిడ గోడ మీది చారల్ని చదువుతోంది. మామయ్య కసాయి వాళ్లని పిలిచాడు, మహమా సింహంలా నడిచొచ్చి ఫూగు చొక్కా చెంగులు లేచేలా గిర్రున తిరిగాడు, తెర మీద గుడ్డ గొడుగులా విచ్చుకుంది, మైదానం మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. కమ్మరుల్ని పిలిచాడు, మంగలి వాళ్లని పిలిచాడు, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క చార, ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి గుడ్డని చూసి, అదిగో మనది, అదిగో మనది అని ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటున్నారు. ఆమె వేళ్లు మీటల మీద ఆడుతూనే ఉన్నాయి, కాస్త వెలుగు పెంచి, కాస్త వేగం తగ్గించి, చెయ్యి పెట్టకపోయినా నడుస్తుందని తెలిసినా తీయబుద్ధి కాక. మామయ్య ఇంకా తెర వైపు చూడలేదు. చూడకపోతే మానె, పడుకోవడానికైతే వెళ్లలేదు కదా, అనుకుంది, ఇక అంతకంటే ఆశపడటం అత్యాశ అనుకుంది.

అప్పుడు డోలు మారింది. జనం గోలలో ముందు ఆమెకి పట్టలేదు, గోడ మీద చూసింది, ఇంతదాకా పడని చార ఒకటి పడుతోంది, కమ్మరులది కాదు, రైతులది కాదు, సవేలుగులో నాన్న వాళ్ల ఇంటిది కాదు. తనకి ఆ చార తెలుసు. నిద్రలో తెలుసు. మొదటి డోలు పట్టినవాడి మనుమరాలా. చెయ్యి మీటల మీద అలాగే ఉండిపోయింది. మొదటి డోలు పట్టినవాడి మనుమరాలా, నిద్రపోతున్నావా, నీ ఇంటివాళ్లం పిలుస్తున్నాం. ఈ మైదానంలో ఆ పేరుకి లేవాల్సినవాళ్లు ఇద్దరే, ఒకరు అమ్మ. అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది, కదలడం లేదు, వెనక్కి తిరిగి సరాసరి బల్ల వైపు చూస్తోంది, కళ్లనిండా నీళ్లతో, లేవవే మొద్దూ అన్నట్టు. ఆమె లేచింది. కుర్చీ వెనక్కి పడింది. డోలు పిలిచాక వెళ్లి ఆడకపోతే తాతలకి అవమానం, మహమా మాంసాన్నే వదిలేశాడు, ల్యాప్‌టాప్ ఎంత.

జనం దారి ఇచ్చారు. ఏబో మైకుల మధ్య నుంచి చేతులు ఊపుతూ గోల పెడుతున్నాడు, "అక్కా, ఎక్కడికి? మిషను దగ్గర ఎవరూ లేరు, ఎవరు నడుపుతారు?"

"మా మామయ్య నడుపుతున్నాడు!" అని అరిచింది, నడుస్తూనే, వెనక్కి చూడకుండానే.

కాళ్లకి ఆట తెలుసు, ఎవరూ నేర్పకుండానే తెలుసు. మట్టి ఇంకా వెచ్చగా ఉంది. తెర వీపు వెనక ఉండిపోయింది, తను ఏమవుతోందో తనకి కనిపించదు, ఎదురుగా జనం మొహాల మీద తెలుపు, నీలం దొర్లిపోతున్నాయి, వాటిలో చూసుకుంటూ ఆడింది, అమ్మ నాలుక ఆడిస్తూ పెట్టిన కేక ఊరవతలదాకా వినిపించి ఉంటుంది, మహమా వచ్చి ఆనవాయితీ ప్రకారం ఆమె నుదుటిమీద ఒక నోటు అతికించి వెళ్లాడు, మాంసం వాసన వేసే నోటు. మామయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు అతను చూస్తున్నాడు, ఆమె భుజం మీదుగా, తల పూర్తిగా పైకెత్తి, గోడ మొత్తాన్ని. ఒక మాట వాయించి ఆగాడు, గోడ ఆ మాట అన్నది. ఇంకో మాట వాయించి, పిల్లవాడిలా నోరు కొంచెం తెరుచుకుని ఆగాడు, గోడ ఆ మాటా అన్నది. అతని మొహంలో అప్పుడెప్పుడో వెలిగి ఆరిపోయినది మళ్లీ వెలిగింది, ఈసారి ఆరలేదు. అతను ముందు వరస వైపు తిరిగి, డోలుతో కాదు, ఉత్త నోటితో, ఇంత గోలలోనూ వినబడేలా అరిచాడు.

"ఏమే మెమునా! మీ ఇంటి నుంచి రావాల్సిన చెయ్యి వచ్చేసింది. ఇక నిన్ను దెప్పను!"

"ఇన్నేళ్లు దెప్పినదానికి ఏమిస్తావురా?" అన్నది అమ్మ.

ఆడవాళ్లందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వి, చంక బిగించి, తిరుగు అన్నాడు డోలుతో, సుహుయిని గిర్రున తిరిగింది, తిరిగేటప్పుడు ఒక్క క్షణం గోడ కళ్లబడింది, అమ్మ తన వీపు మీద తట్టిన గుడ్డంతా ఆమె కోసం విచ్చుకుని ఉంది.